గడ్డపారకు అంగుళం పక్కన

గడ్డపార మొన దిగిన చోటికి అంగుళం పక్కన అది ఉంది. ఆ మొన అంగుళం ఇటు పడి ఉంటే రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

మే నెల మూడో వారం. కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి పోయే దారికి కాస్త లోపలగా ఒక చెనిక్కాయ చేను. చేను పల్లపు మూలలో ఉపాధి పని కింద ఫారంపాండు తవ్వుతున్నారు. చీకటి ఉండగానే దిగిన గ్రూపు అది. పదకొండు లోపల కొలత ముగించుకుని ఇళ్లకు చేరాలి, ఆపైన ఎండ నిలవనీయదు. మగవాళ్లు గడ్డపారలతో పెళ్లగిస్తుంటే ఆడవాళ్లు తట్టలకెత్తి గట్టు మీద పోస్తున్నారు. పైన ఎర్రమట్టి వదులుగానే వచ్చింది. దాని కింద గరుసు. దెబ్బ వేస్తే ఖంగుమంటోంది.

మూరెడు లోతులో ఒక పెళ్ల ఊడొచ్చింది. దాని వెనక చిన్న గూడు. గూట్లో నిమ్మకాయంత ముద్ద. రంగు మట్టిదే, కదలిక లేదు.

"ఏందిమ్మే అది, గెడ్డనా?" అని గట్టు మీద నుంచి ఎవరో అడిగారు.

అందరూ జేజీ అని పిలిచే పెద్దామె వంగి చూసింది. డెబ్భైకి దగ్గర్లో ఉంటుంది. ఇంట్లో కూచోమంటే కూచోదు, జాబు కార్డు ఉందంటుంది. రెండు వేళ్లతో ముద్దను ఎత్తి అరచేతిలో పెట్టుకుంది.

"కప్ప నాయనా. సచ్చిపోల్యా, బతికే ఉండాది."

అన్నదో లేదో ఆమె అరచేతిలో చల్లగా నీళ్లు. చెంచాడు కూడా ఉండవు. వేళ్ల సందుల్లోంచి కారి గరుసు మీద పడ్డాయి. పడ్డచోట నల్లటి మరక, రెండు నిమిషాల్లో అదీ ఆరిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు పెద్దగా నవ్వారు, జేజి చేతిలో ఉచ్చ పోసిందని. హాజరు ఫొటో తీసే ఫోన్‌తోనే మేటు కప్పకూ ఒక ఫొటో తీశాడు.

జేజి నవ్వలేదు. చెయ్యి తుడుచుకోనూ లేదు. "ఎన్నాళ్లుగా దాసిపెట్టుకున్న్యాదో ఏమో పాపం" అంది.

ఆమె ఏ జువాలజీ పుస్తకమూ చదవలేదు. కానీ ఆ పుస్తకాల్లో ఈ సంగతి చేరడానికి ఎంత కాలం పట్టిందో, ఎవరెవరు ఏమేం చేయాల్సి వచ్చిందో నాకు కొంత తెలుసు.

*

1790ల మాట. జర్మనీలోని గోటింగెన్‌లో రాబర్ట్ టౌన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు తన గదిలో కప్పల్ని పెంచేవాడు. రెండు చెట్టుకప్పలకు డేమన్, ముసిడోరా అని పేర్లు కూడా పెట్టుకున్నాడు. కప్ప నీళ్లు తాగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. నోరు నీటిలో పెట్టదు, గుటక వేయదు. అయినా నీరు లేకపోతే చస్తుంది. మరి తాగేది ఎలా? కప్పను తూచాడు, తడి కాగితం మీద కూర్చోబెట్టాడు, మళ్లీ తూచాడు. బరువు పెరిగింది. కప్ప తాగేది పొట్టతో, తొడల లోపలి పలుచటి చర్మంతో.

అక్కడితో ఆగలేదాయన. పట్టుకుంటే కప్ప వదిలే నీరు ఏమిటో తెలుసుకోవాలనుకున్నాడు. నాలుక మీద వేసుకుని చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. బట్టీలో దించిన నీరంత స్వచ్ఛంగా, ఏ రుచీ లేకుండా ఉందని రాసిపెట్టాడు. అది మురికి కాదు, నిల్వ నీరు అని తేల్చాడు. సైన్సు కోసం మనుషులు చేసిన పనుల్లో ఇది గొప్పదో వింతదో మీరే చెప్పాలి.

మనకు మూత్రాశయం ఒకవైపు తలుపు. లోపలికి పోయిన నీరు బయటికి పోవాల్సిందే. కప్పకు అదే కుండ. వాన దొరికిన నాలుగు రోజుల్లో ఒంటితో తాగి తాగి ఆ కుండ నింపుకుంటుంది. ఎండ ముదిరి ఒళ్లు ఆరుతున్నప్పుడు మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఒక కబురు పంపుతుంది. ఆ కబురు పేరు వాసోటోసిన్. అది అందగానే కుండ గోడలు నీటిని తిరిగి రక్తంలోకి వదులుతాయి. మూత్రపిండాలు వడపోత తగ్గిస్తాయి. కొన్ని ఎడారి కప్పలు ఒంటి బరువులో మూడో వంతు నీటిని ఇలా మోసుకు తిరుగుతాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసులు కరువు కాలంలో ఇలాంటి కప్పల్ని నేల నుంచి తవ్వి తీసి, సుతారంగా పిండి, దాహం తీర్చుకునేవాళ్లు.

జేజి చేతిలో పడిన ఆ చెంచాడు నీళ్లు జూన్ దాకా బతకడానికి దాచిన సొమ్ము. మేం వాన నీరు దాచడానికి గుంత తవ్వుతూ, అప్పటికే నీరు దాచుకుని కూర్చున్న ప్రాణి కుండ తన్నేశాం.

*

ఈ గడ్డ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది సగటు మాత్రమే, ఏ ఏడూ సగటులా ఉండదు. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని వస్తాయి. తూర్పు సముద్రం దూరం. పదును వాన ఒకటి పడితే గొర్రు కట్టడం, ఆ తర్వాత నెల రోజులు ఆకాశం వంక చూడడం. దేశంలో ఉపాధి హామీ పథకం ఈ జిల్లాలోనే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఎందుకు ఇక్కడే అని ఈ జిల్లాలో ఎవరూ అడగలేదు.

ఇలాంటి నేలలో చర్మంతో నీళ్లు తాగి, చర్మంతోనే ఊపిరి పీల్చే ప్రాణి ఎలా నెగ్గుకొస్తుంది? దాని ఒంట్లో ప్రతి అవయవమూ ఈ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా.

జేజి దాన్ని ఎండలో వదల్లేదు. గట్టు అవతల కానుగ చెట్టు నీడన వదులుమట్టి చూసి, తన సీసాలో మిగిలిన నీళ్లు కాసిన్ని అక్కడ పోసి, దాన్ని దింపింది. నేను పక్కనే గొంతుక్కూచున్నాను.

కాసేపు ముద్దలాగే ఉంది. తర్వాత గొంతు కింద తోలు ఎగరడం మొదలైంది. టపటపమని, చాలా వేగంగా. కప్పకు మనలాగా ఎగసిపడే పక్కటెముకల గూడు లేదు, పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉదరవితానమూ లేదు. నోరు మూసుకుని ముక్కుతో గాలి తీసుకుంటుంది, ముక్కు మూసి నోటి అడుగును పైకి నెడుతుంది. గాలి దిగి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంసాలి తిత్తి ఊదినట్టు. నోరు తెరిచిపెడితే కప్ప ఊపిరి పీల్చలేదు.

ఆ తర్వాత చేసింది చూడండి. వెనక కాళ్లు రెండూ పక్కలకు చాపి, పొట్టనూ తొడల్నీ తడిమట్టికి అదిమేసింది. బోర్లా పడుకున్న పసిబిడ్డలా. నీళ్లు తాగుతోందన్నమాట. టౌన్సన్ తడి కాగితం మీద చూసింది నేను కానుగ నీడన చూశాను.

అయిదు నిమిషాలు గడిచాయేమో. నడుము ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పింది. వెనక పాదాల్లో మడమ దగ్గర పారలాంటి గట్టి బొడిపె ఉంటుంది, మట్టి తోడేది దానితోనే. ముఖం మన వైపే ఉంటుంది, వెనక్కి వెనక్కి దిగిపోతుంది. ముందు పిరుదులు, తర్వాత వీపు. మట్టి రెండు వైపులా విరిగి మీద పడింది. చివరికి రెండు కళ్లు మిగిలాయి. అవీ మూసుకుంది. మీద మట్టి సర్దుకుంది. అంతే, అక్కడ కప్ప ఉందని ఎవరూ చెప్పలేరు.

ఇలా బుడగలా గుండ్రంగా ఉండి వెనక్కి తవ్వుకుపోయే కప్పలు మన దక్కన్‌లో యూపెరోడాన్, స్ఫీరోథీకా అనే ప్రజాతుల్లో ఉన్నాయి. యూపెరోడాన్ కప్పలకు చెదలు, చీమలంటే ప్రీతి. ఇది వీటిలో ఏదో తేల్చేంత చదువు నాకు లేదు.

*

పదిన్నరకు పనిలో ఒకాయన కళ్లు తిరిగి పడిపోయాడు. నలభై ఏళ్ల మనిషి. ఒంట్లో చెమట లేదు, ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో వేసుకుని కళ్యాణదుర్గంలో ఒక ఆసుపత్రికి తెచ్చారు. నేనూ ఎక్కాను. తడి గుడ్డలు, ఫ్యాను, చేతికి సూది, స్టాండుకు ఒక సీసా. "ఆర్.ఎల్. ఎక్కిస్తున్నాం, భయం లేదు" అంది నర్సమ్మ.

మధ్యాహ్నం దాకా ఆ సీసా వంకే చూస్తూ కూర్చున్నాను. 500 మిల్లీలీటర్లు. లేబుల్ మీద సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్, సోడియం లాక్టేట్. ఊళ్లలో అందరూ గ్లూకోజ్ అనేస్తారు గానీ ఇందులో గ్లూకోజ్ చుక్క లేదు. ఆర్.ఎల్. అంటే రింగర్ లాక్టేట్. ఆ రింగర్ ఒక మనిషి. ఆయనకు ఈ ద్రవం దొరికింది కప్ప గుండెలో.

లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ రింగర్. కప్ప గుండెను బయటికి తీసి, రక్తం బదులు ఉప్పునీటితో ఎంతసేపు కొట్టుకుంటుందో పరీక్షించేవాడు. 1882లో పేపర్ అచ్చువేశాడు, గుండె బాగానే కొట్టుకుంటోందని. తర్వాత అదే ద్రవం మళ్లీ కలిపితే గుండె కాసేపటికే ఆగిపోయింది. మళ్లీ కలిపినా అంతే. ఎక్కడ తప్పు? వెతకగా వెతకగా తేలిందేమిటంటే, మొదటిసారి వాడింది బట్టీనీరు కాదు, లండన్ వీధి కొళాయి నీరు. బట్టీ పట్టే శ్రమ ఎందుకని ప్రయోగశాల సహాయకుడు కొళాయి తిప్పి పట్టేశాడని తర్వాతివాళ్లు చెప్పుకునేవారు. ఆ కొళాయి నీటిలో సున్నం ఉంది, అంటే కాల్షియం. గుండె కొట్టుకోవాలంటే అది కావాలి. 1883లో రింగర్ తన పొరపాటును తానే అచ్చులో ఒప్పుకున్నాడు. ఉప్పు, పొటాషియం, కాల్షియం ఎంతెంత ఉండాలో లెక్క కట్టాడు. 1930లలో అమెరికాలో పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ దానికి లాక్టేట్ కలిపాడు. సీసా తయారైంది.

పని ఎగ్గొట్టిన సహాయకుడికి వైద్యశాస్త్రం ఇంతగా రుణపడిన సందర్భం ఇంకొకటి ఉందా అని నాకు అనుమానం.

కప్ప గుండే ఎందుకు? దానికీ కారణం ఉంది. మన గుండె కండకు రక్తం ఇవ్వడానికి ప్రత్యేకంగా నాళాలు ఉన్నాయి, అవి పూడితేనే గుండెపోటు. కప్ప గుండెలో కింది గది స్పంజిలా ఉంటుంది. లోపలికి వచ్చిన రక్తమే ఆ సందుల్లోకి ఇంకి కండను పోషిస్తుంది. వేరే నాళాల పని లేదు. అందుకే బయటికి తీసినా, సరైన ద్రవం లోపలికి పంపితే చాలు, గంటల తరబడి కొట్టుకుంటూనే ఉంటుంది.

ఆ గుండెకు గదులు మూడు. పైన రెండు, కింద ఒకటి. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తమూ, ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తమూ ఒకే గదిలో పడతాయి కాబట్టి కప్ప గుండె నాసిరకం అని మాకు క్లాసులో చెప్పారు. పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. అది సగం నిజం. స్పంజి సందులూ, నాళం మొదట్లో మెలి తిరిగిన కవాటమూ కలిసి ఆ రెండు రక్తాలను చాలావరకు విడిగానే నడిపిస్తాయి. పైగా కప్ప ఊపిరితిత్తులకు పోయే నాళం చీలి చర్మానికీ పోతుంది. మట్టి కింద ఊపిరితిత్తుల పని తగ్గినప్పుడు రక్తాన్ని చర్మం వైపు మళ్లించడానికి ఒకే గది ఉండడమే వీలు. మనలాగా గోడ కట్టేసి ఉంటే ఆ వెసులుబాటు ఉండేది కాదు. ఒంట్లో పుట్టే బొగ్గుపులుసు వాయువు ఎక్కువ భాగం చర్మం గుండానే పోతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో 1904లోనే కొలిచి చూపాడు.

సాయంత్రానికి పనిలో పడిపోయినాయన లేచి కూర్చుని టీ అడిగాడు. రెండో సీసా సగంలో ఉంది.

*

నా డిగ్రీ రోజుల్లో కప్పను నేనూ కోశాను. మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు గుండుసూదులు గుచ్చి, పొట్ట చర్మం కత్తెరతో చీల్చి. చర్మం ఒంటికి అతుక్కుని ఉండదు, తొడుక్కున్న చొక్కాలా వదులుగా వస్తుంది. కింద అక్కడక్కడా నీటి సంచులు. కండ కోస్తే ఎర్రటి కాలేయం. దాని పైన గుండె, ఇంకా కొట్టుకుంటూ. ఆరిపోకుండా ఉప్పునీళ్లు చల్లమన్నారు మా లెక్చరర్. ఆ ఉప్పునీళ్ల వెనక రింగర్ ఉన్నాడని అప్పుడు తెలియదు. మూత్రపిండాల దగ్గర చేమంతి రేకుల్లాంటి పసుపు కొవ్వు వేళ్లు కనిపించాయి. బొమ్మ గీసి పేర్లు రాశాం. అవి కరువు నెలల బియ్యం బస్తా అని ఎవరూ చెప్పలేదు. మట్టి కింద నిద్రలో కప్ప ఒంటి ఖర్చు నాలుగో వంతుకో ఇంకా కిందికో దిగుతుంది. ఆ కాస్త ఖర్చూ ఆ పసుపు వేళ్లలోంచే.

ఇంకో చిత్రం. నిద్రలో కప్ప ఒంట్లో యూరియా పేరుకుంటుంది. చేనుకు చల్లే బస్తాలో ఉండేదే. అమెరికా ఎడారుల స్పేడ్‌ఫుట్ కప్పల్లో ఇది ఎంతగా పెరుగుతుందంటే, రక్తం చుట్టూ ఉన్న మట్టికన్నా చిక్కనై, మట్టిలో మిగిలిన పదును చర్మం గుండా లోపలికి లాక్కుంటుంది. మనకు విషమైంది దానికి నీళ్లు తోడే చేద.

కప్పలు కోయడం ఇప్పుడు లేదు. 2014లో యూజీసీ జువాలజీ కోర్సుల్లో జంతువుల కోత ఆపేయమంది. మంచిదే. కాకపోతే చూసి నేర్చుకునే చోటు తరగతి గది నుంచి చేను గట్టుకు మారాలి. అది ఇంకా మారలేదు.

*

వానలు ఎగ్గొట్టిన ఏడాది మన పల్లెల్లో కప్పతల్లిని మోస్తారు. రోకలికి గుడ్డలో కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ఇల్లాలు బిందెడు నీళ్లు దాని మీద కుమ్మరిస్తుంది. కప్ప అరిస్తే వాన అని నమ్మకం. నమ్మకం సంగతి పక్కన పెడదాం. రోకలికి కట్టేసిన కప్పకు ఆ ఊరేగింపు హింసే, తప్పించి చెప్పలేను. కానీ కప్పకు నీళ్లు నోట్లో పోయకూడదు, ఒంటి మీద పోయాలి అని మా ఆడవాళ్లకు టౌన్సన్ చెప్పలేదు.

జూన్ రెండో వారంలో వాన పడింది. ముంగారు వాన, రాత్రి తొమ్మిదికి మొదలై పన్నెండున్నరకు తెరిపిచ్చింది. మేటు ఫోన్ చేశాడు. "సార్, గుంతకాడికి రాండి. మాట ఇనపడ్డంల్యా" అన్నాడు.

నిజంగానే వినపడలేదు. ఫారంపాండులో మోకాలెత్తు ఎర్రనీళ్లు. ఒడ్డున టార్చి వేస్తే బుడగలు. ప్రతి బుడగ వెనకా ఒక కప్ప. మగ కప్ప నోరు మూసుకునే అరుస్తుంది. గాలి ఊపిరితిత్తుల్లోంచి గొంతు సంచిలోకి, మళ్లీ వెనక్కి. అదే గాలి, అందుకే అలుపు లేకుండా తెల్లార్లూ. కాస్త ఎడంగా పెద్ద బోదురు కప్పలు, ఒళ్లు నిమ్మపండు పసుపు, గొంతు పక్కన నీలి సంచులు. ఈ పసుపు మగవాటికి ఈ రోజుల్లోనే. వీటి తొడల మాంసం ఒకప్పుడు టన్నులకొద్దీ విదేశాలకు ఎగుమతి అయ్యేది. ఒక్క 1981లోనే నాలుగు వేల టన్నులు దాటింది. 1987లో కేంద్రం ఆపించింది.

మూడో రోజుకు నీటిలో తోకకప్పలు. వాటి ఒళ్లు వేరే లెక్క. మొప్పలు, నాచు గీక్కుతినే నోరు, గడియారం స్ప్రింగులా చుట్టుకున్న పొడుగు పేగు. నీళ్లు ఉన్నాయి కదా అని ఖాతరు లేకుండా వ్యర్థాన్ని అమ్మోనియాగా వదిలేస్తాయి. కాళ్లు వచ్చి ఒడ్డెక్కే వేళకు దుబారా మానేసి యూరియాకు మారతాయి. మెడలోని థైరాయిడ్ గ్రంథి చెప్పినప్పుడు ఇదంతా జరుగుతుంది. పేగు పొట్టిదవుతుంది, పురుగులు తినే నోరు వస్తుంది. తోక రాలిపోదు. ఒళ్లే దాన్ని కరిగించి తినేస్తుంది. గుంత ఎండేలోగా ఇదంతా అవ్వాలి.

అవి జూలైలో గట్టెక్కడం చూశాను. చిటికెన వేలి గోరంత కప్పలు, వందల్లో. కొన్నిటికి వెనక ఇంకా తోక మొదలు మిగిలే ఉంది. పక్క చేనులో టమోటాకు మందు కొడుతున్నారు. నీళ్లు తాగే చర్మానికి మందు తాగకూడదని తెలియదు. మిగతా కథ నాకు తెలుసు, మీకూ తెలుసు.

కానుగ కింద జేజి దింపిన కప్ప ఏమైందో చూద్దామని వెళ్లాను. మట్టి మీద గుండ్రంగా ఒక కన్నం, అంచులు వాన తడితో మెత్తబడి ఉన్నాయి. లోపల ఖాళీ.

మీ చేనులో, ఇంటి పునాదిలో, ఉపాధి గుంతలో ఎక్కడైనా మట్టి ముద్దలాంటి కప్ప బయటపడితే ఒక్క పని చేయండి. చేత్తో గట్టిగా పట్టుకోవద్దు, దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది. పారతో మట్టితో సహా ఎత్తి, నీడన వదులుమట్టి చూసి దింపి, చెంబెడు నీళ్లు పక్కన పోయండి. తర్వాత ఎలా దిగాలో దానికి తెలుసు.